జగ్గూ వీపు మీద నీలి మచ్చ

నళిని నోటికి భయపడని పిల్లలు అమెరికాలో మా బాతెల్ ఊళ్ళో లేరు. నళిని చేతికి భయపడ్డ పిల్ల మాత్రం ఒక్కతీ లేదు. "వీపు విమానం మోత మోగిస్తాను", "తోలు తీసి ఆరేస్తాను", "కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెడతాను" అంటూ పొద్దున లేచింది మొదలు కూతురు లీల మీద అరుస్తూనే ఉండేది. ఆ అరుపుల్లోనే జడ వేసేది, ఆ అరుపుల్లోనే నోట్లో ముద్ద పెట్టేది. లీల ఆ తిట్లు వింటూ ముద్ద నములుతూ కార్టూన్లు చూసేది. ఎనభై రెండులో మా అపార్ట్‌మెంట్ల వరసలో తెలుగువాళ్ళవి రెండే ఇళ్ళు. వాళ్ళది కింద, మాది పైన. పొద్దున్నే ఆమె గొంతు వినపడకపోతే నాకు కాఫీ కూడా రుచించేది కాదు.

ఆమెది చీరాల. తండ్రికి బట్టల కొట్టు ఉండేది. మొగుడు రామమోహన్ విమానాల కంపెనీలో ఇంజనీరు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు పాపం. ఆయన మాట్లాడాల్సినవి కూడా నళినే మాట్లాడేసేది. ఇంగ్లీషు టీవీ చూసి నేర్చుకుంది. డ్రైవింగ్ టెస్టు తప్పుతూ తప్పుతూ, చివరికి పరీక్ష పెట్టేవాడికే విసుగు పుట్టి పాస్ చేశాడని మా ఆయన ఏడిపించేవాడు. బట్టల తానులమ్మే దుకాణంలో పార్ట్ టైమ్ ఉద్యోగం ఉందని తెలిసి తనే వెళ్ళి అడిగింది. "బట్టల కొట్టువాడి కూతుర్ని, గజం బట్ట కళ్ళు మూసుకుని కొలుస్తాను" అని వాళ్ళకి ఇంగ్లీషులో ఎలా చెప్పిందో ఏమో గానీ, ఆ మరునాటి నుంచే రమ్మన్నారు.

చంటివాడు జగదీష్ అప్పటికి ఏడాది నిండినవాడు. జగ్గూ అని పిలిచేవాళ్ళం. వాడు పుట్టింది చీరాలలో. "ఈ దేశంలో పురుడు పోసుకుంటే పథ్యం ఎవరు వండుతారు అక్కయ్యా?" అని కడుపుతో ఉండగానే పుట్టింటికి వెళ్ళిపోయి, వాడికి ఆరో నెల వచ్చాక తిరిగొచ్చింది. పుట్టింటి నుంచి నలుగుపిండి డబ్బాతో పాటు అక్కడి స్నానం కూడా తెచ్చుకుంది. బాత్‌టబ్బులో కాళ్ళు బారచాపి కూర్చుని, వాణ్ణి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చేతులు అటూ ఇటూ సాగదీసి, కాళ్ళు కత్తెరలా వేసి, చివర్లో వీపు మీద తప్ తప్ మని చరిచేది. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. ఆనక సాంబ్రాణి పొగ వేస్తే సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాడు. మన ఇళ్ళలో ఏ బిడ్డకి అలా జరగలేదు చెప్పండి!

వాడి నడుము కింద అరచేయంత నీలి మచ్చ ఒకటి ఉండేది. ముగ్గిన నేరేడు పండు రంగు. పుట్టుకతోనే ఉంది. "భూమ్మీదికి పోరా అంటే వీడు కదల్లేదట, బ్రహ్మదేవుడు ఒక్కటి చరిచి పంపాడు" అని నళిని వాళ్ళమ్మ అనేదట. మేం దాన్ని చూసి కూడా చూడనట్టే ఉండేవాళ్ళం. మచ్చే కదా, పెద్దయితే పోతుంది అనుకున్నాం.

నళిని ఉద్యోగంలో చేరాక జగ్గూని డేకేర్‌లో వేశారు. లీల కూడా కిండర్‌గార్టెన్ అవగానే అక్కడికే వచ్చేది. మొదటి వారం గడిచింది. రెండో వారం మంగళవారం నాడు ఒక కొత్త టీచరు డైపర్ మారుస్తూ ఆ మచ్చ చూసింది. చూసి దుకాణానికి ఫోన్ చేసింది. నళిని పరుగున వెళ్ళింది. ఇది ఎలా వచ్చింది అని టీచరూ, ఆవిడ పైనున్న హెడ్ టీచరూ ఎదురుగా నిలబడి అడిగారు. నళినికి భయం వేస్తే ఇంగ్లీషు పారిపోతుంది. వాళ్ళమ్మ మాటే నోటికొచ్చింది.

"గాడ్ హిట్ హిమ్," అంది. "బిఫోర్ బర్త్."

ఇంకేముంది! వాళ్ళు లీలని పక్కకి పిలిచి, ఇంట్లో అమ్మ తమ్ముణ్ణి ఏం చేస్తుంది అని అడిగారు. అయిదేళ్ళ పిల్ల, అబద్ధం చెప్పడం ఇంకా రాలేదు. అక్కడున్న బొమ్మ ఒకటి తెచ్చుకుని, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బొమ్మని బోర్లా వేసి, చేతులు లాగి, కాళ్ళు మెలిపెట్టి, వీపు మీద తప్ తప్ మని చరిచి చూపించింది. "హీ క్రైజ్ అండ్ క్రైజ్," అంది. "అండ్ మామీ సేజ్, ఐ విల్ టేక్ ఆఫ్ యువర్ స్కిన్ అండ్ డ్రై ఇట్." ఒక్క ముక్క కూడా కల్పించలేదు మహాతల్లి.

ఆ హెడ్ టీచరు చెడ్డమనిషి కాదు. ఇలాంటిది కంట పడితే పైకి చెప్పి తీరాలని చట్టం ఉందట, అందుకని చెప్పింది. పిల్లల సంగతులు చూసే ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ ఫోన్ చేసి, సోమవారం పొద్దున ఇంటికి వస్తాను, బిడ్డనీ ఇంటినీ చూస్తాను అంది. ఈలోగా డాక్టరుకి చూపించమంది. వీళ్ళ డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన బదులు కూర్చున్న కుర్ర డాక్టరు ఆ మచ్చని అటు నొక్కి ఇటు నొక్కి, "ఖచ్చితంగా చెప్పలేను, దెబ్బ కూడా కావచ్చు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పలేనివాడికి ఆ తెల్లకోటు ఎందుకంట?

నళిని నోరు పడిపోయింది. నిజంగానే. పొద్దున్నే కింద నుంచి చప్పుడు లేదు. దిగి చూస్తే జగ్గూని ఒళ్ళో పెట్టుకుని సోఫాలో బొమ్మలా కూర్చుని ఉండేది. స్నానం మానేసింది, తడిగుడ్డతో తుడిచి ఊరుకునేది. లీలకి జడ వేయడానికి చెయ్యెత్తబోయి, కిటికీ వైపు చూసి, దించేసేది.

"అక్కయ్యా, వీడు ఇక్కడ పుట్టలేదు కదా," అంది ఒకనాడు గుసగుసగా. "పట్టుకుపోతే ఎవర్ని అడగాలి? ఏ ఆఫీసుకి వెళ్ళాలి?"

"ఎవరూ పట్టుకుపోరు. పిచ్చిమాటలు మాట్లాడకు."

"పట్టుకుపోతారట. మా దుకాణంలో అమ్మాయి చెప్పింది. కోర్టు చెప్పేదాకా వేరే ఇంట్లో పెడతారట. వాడికి నా ఒళ్ళో తప్ప నిద్ర పట్టదు అక్కయ్యా! పాలు కలిపితే ఎంత వేడిగా ఉండాలో వాళ్ళకేం తెలుసు?"

రామమోహన్ గుమ్మంలో నిలబడి, "లాయర్‌తో మాట్లాడాను రాధగారూ," అన్నాడు. "గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. ఏమీ మాట్లాడొద్దు, సంతకం పెట్టొద్దు అన్నాడు." ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది.

శనివారం వచ్చింది. ఊరికి ఉత్తరంగా గంట ప్రయాణంలో, నది పక్కన, తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అక్కడున్న నేటివ్ ఇండియన్ తెగవాళ్ళు కొత్తగా కట్టుకున్న కల్చరల్ సెంటర్ ఉంది. ఆ రోజు అందరూ రావచ్చని, పిల్లలకి పడవ చూపిస్తామని, భోజనం కూడా ఉంటుందని లీల బడిలో చెప్పారు. ఆ పిల్ల నెల రోజులుగా దాని కోసం కలవరిస్తోంది. నళిని రానంటే రానంది.

"ఇంట్లో కూర్చుని ఏడిస్తే సోమవారం వెనక్కి పోతుందా?" అని కసిరాను. "ఆ పిల్ల ఏం పాపం చేసింది? లే, చీర మార్చుకో."

మా స్టేషన్ వ్యాగన్‌లో అందర్నీ ఎక్కించాం. మా ఆయన డ్రైవ్ చేస్తూ, వాళ్ళూ ఇండియన్లే మనమూ ఇండియన్లమే అని మొదలుపెట్టబోయాడు. ఆ జోకు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి, రోడ్డు చూడండి అన్నాను. దారిలో నళిని వెనక పోలీసు కారు కనిపిస్తే జగ్గూని కొంగులో దాచింది.

పెద్ద దేవదారు పలకలతో కట్టిన పొడవాటి ఇల్లు అది. లోపల అడుగుపెట్టగానే చెక్క వాసన, పొగ వాసన. నడిమధ్య ఒకే మానుని తొలిచి చేస్తున్న పడవ ఉంది, పిల్లలు దానిలో ఎక్కి కూర్చోవచ్చట. లీల ఎక్కి కూర్చుంది, ఇక దిగదు. బయట నిప్పుల చుట్టూ చేపల్ని పుల్లలకి గుచ్చి నిలబెట్టి కాలుస్తున్నారు. పిల్లలు పరిగెత్తుతున్నారు, ముసలివాళ్ళు వాళ్ళని కేకలేస్తున్నారు. అచ్చం మన పెళ్ళివారిల్లులా ఉంది. రామమోహన్ పడవ పక్కన నిలబడి దాని కొలతలు చూస్తున్నాడు గానీ, కళ్ళు మాటిమాటికీ నళిని వైపే పోతున్నాయి.

జగ్గూ ఏడుపు లంకించుకున్నాడు. డైపర్ మార్చాలి. లోపల బాత్రూము ఉందంటే నళిని వినదే! "అక్కడ ఎవరన్నా చూస్తారక్కయ్యా, కార్‌లో మారుస్తాను, నువ్వు అడ్డం నిలబడు" అంది. వ్యాగన్ వెనక తలుపెత్తి వాణ్ణి పడుకోబెట్టింది. నేను శాలువా తెరలా పట్టుకుని నిలబడ్డాను. మే నెల ఎండలో దొంగల్లా ఇద్దరం. నాకు అవమానంతో ఏడుపొచ్చినంత పనయింది.

"ఎందుకమ్మా ఎండలో తంటాలు? లోపల బల్ల ఉంది, ఫ్యాను కూడా ఉంది."

తిరిగి చూద్దును కదా, ఒక పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. నిండైన మనిషి, పూల ఏప్రన్ కట్టుకుంది. ఒక చేతిలో నూనెలో వేయించిన రొట్టెల పళ్ళెం, ఇంకో చంకలో జగ్గూ ఈడు మనవడు. పొద్దున లోపల అందరికీ రొట్టెలు వడ్డిస్తూ, తినని పిల్లల్ని గదమాయిస్తున్నది ఈవిడే. డెలోరెస్ అని పిలుస్తుంటే విన్నాను. పరవాలేదు, పరవాలేదు అంటూ నేను శాలువా ఇంకా ఎత్తిపట్టాను. నేను పొట్టిదాన్ని, ఆవిడ పొడగరి. నా భుజం మీదుగా చూడనే చూసింది.

నళిని చటుక్కున బిడ్డని గుండెకి హత్తుకుని కారుకి ఆనుకుపోయింది. "నేను కొట్టలేదు! ఐ డిడ్ నాట్ బీట్! ప్లీజ్, ఐ డిడ్ నాట్ బీట్!" అని అరిచింది. ఆ వారంలో ఆమె అరవడం అదే మొదటిసారి.

డెలోరెస్ రొట్టెల పళ్ళెం మా కారు మీద పెట్టింది. చంకలోని మనవణ్ణి వ్యాగన్‌లో బోర్లా పడుకోబెట్టి, వాడి లాగు కిందికి లాగింది.

నడుము కింద నీలి మచ్చ. అదే రంగు, అదే చోటు. జగ్గూ మచ్చ కంటే పెద్దదే.

"మా పిల్లలందరికీ ఉంటుంది," అంది ఆవిడ. "నా పిల్లలందరికీ ఉండేది. నాకూ ఉండేదట. ఇప్పుడు చూపించమనకండి."

నళిని మెల్లగా వంగి ఆ బిడ్డ వీపు మీద వేలు పెట్టింది. జగ్గూని పక్కనే పడుకోబెట్టి ఆ మచ్చనీ ఈ మచ్చనీ మార్చి మార్చి చూసింది. "పోతుందా?" అని అడిగింది.

"బడికెళ్ళేనాటికి పోతుంది. ఏమిటమ్మా, ఎవరైనా ఏమన్నా అన్నారా?"

అంతే, నళిని అక్కడే మట్టిలో చతికిలబడి బావురుమంది. అన్నాళ్ళుగా ఆపుకున్న ఏడుపు అది. నేను కూడా ఏడ్చాను, ఏం దాచడం! ఇద్దరు చంటివాళ్ళూ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి ఊరుకున్నారు. ముక్కు తుడుచుకుని జరిగిందంతా నేనే చెప్పాను. డేకేర్, బొమ్మ, స్నానం, కుర్ర డాక్టరు. బ్రహ్మదేవుడి మాట దగ్గర డెలోరెస్ ఫక్కున నవ్వింది. సోమవారం ఆఫీసరమ్మ వస్తుందని చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"కార్‌లో వస్తుందా?" అని అడిగింది.

అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. కార్‌లోనే వస్తుందనుకుంటాను అన్నాను.

"మా ఇంటికీ సర్కారువాళ్ళు కార్‌లోనే వచ్చారు. నేను చిన్నపిల్లని. మా తమ్ముణ్ణి ఎక్కించుకుపోయారు. మా అమ్మ చెప్పుల్లేకుండా ఆ కారు వెంట పరిగెత్తింది." ఆవిడ మనవడి లాగు పైకి లాగి బొత్తాం పెట్టింది. "తమ్ముడు తిరిగొచ్చేసరికి అమ్మ లేదు. వాడికి మా ముఖాలు తెలియవు."

నళిని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సోమవారం ఎన్నింటికి?" అంది డెలోరెస్.

"పదింటికి."

"మీ ఇంటికి దారి చెప్పు. మా కోడలు మా క్లినిక్‌లో నర్సు, ఈ వెధవకి తల్లి. దాన్నీ తీసుకొస్తాను. ఇప్పుడు పదండి, చేప చల్లారిపోతోంది."

లోపలికెళ్ళి రామమోహన్‌కి చెప్పాం. ఆ మనిషి పడవ అవతలి వైపుకి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు. వచ్చాక ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది. నళిని నాలుగు రోజుల తర్వాత అన్నం తిన్నట్టు తింది ఆ పూట. ఫోర్కు పక్కన పడేసి, చేత్తో చేపని విప్పి, ముల్లు ఏరి లీల నోట్లో పెడుతుంటే డెలోరెస్ చూసి, "ఈ పిల్లకి చేప తినడం ఎవరో సరిగ్గా నేర్పారు" అని ఇంకో ముక్క వేసింది.

ఆదివారం మళ్ళీ నాకు గుబులు మొదలైంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం అంత దూరం నుంచి పనులు మానుకుని ఎవరొస్తారు? మర్యాదకి అని ఉంటుంది అనుకున్నాను. నళినితో అనలేదు గానీ, ఆమె కూడా అదే అనుకుంటోందని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ఇల్లు కడిగిందే కడిగింది. సోమవారానికి రామమోహన్ సెలవు పెట్టాడు. లీలని మా ఇంట్లో మా ఆయన దగ్గర వదిలాం.

సోమవారం పదింటికి ఇంకా చాలా వ్యవధి ఉండగానే ఒక పాత పికప్పు ట్రక్కు వచ్చి మా మెట్ల ముందు ఆగింది. డెలోరెస్ దిగింది. ఏప్రన్ లేదు, మంచి గౌను వేసుకుని, మెడలో పూసల హారం వేసుకుని వచ్చింది. వెనకాల కోడలు, నర్సు బట్టల్లోనే. మనవడు చంకలో. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆఫీసరమ్మ చూస్తే చిన్న పిల్లే. నిక్కచ్చిగా, మర్యాదగా ఉంది. గదిలో ఇంతమంది కూర్చుని ఉండటం చూసి ముందు తడబడింది. నర్సు తనెవరో చెప్పి, నేల మీద దుప్పటి పరిచి, పిల్లలిద్దర్నీ పక్కపక్కన బోర్లా పడుకోబెట్టింది. "దెబ్బ అయితే నొక్కితే ఏడుస్తారు," అని జగ్గూ మచ్చని నొక్కింది. వాడు దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని ఆడుకుంటున్నాడు. "దెబ్బ అయితే వారంలో పచ్చగా మారి పాలిపోతుంది. డేకేర్‌వాళ్ళు చూసింది మంగళవారం. ఇవాళ సోమవారం. మీ కాగితంలో ఏ రంగని రాశారో చూసుకోండి, ఎంత కొలత రాశారో చూసుకోండి."

ఆఫీసరమ్మ కాగితం చూసింది. వంగి మచ్చ చూసింది. పక్క బిడ్డ వీపు చూసింది. స్నానం గురించి అడిగితే, నళిని కార్పెట్ మీద కాళ్ళు చాపి కూర్చుని చేసి చూపించింది, ఈసారి భయపడకుండా.

"మరి తోలు తీయడం?" అంది ఆఫీసరమ్మ.

నేను ఊరుకోలేకపోయాను. "మా అమ్మ నా తోలు రోజుకి రెండుసార్లు తీసేదమ్మా," అన్నాను. "చూడు, ఇంకా ఒంటి మీదే ఉంది."

ఆ పిల్ల ఆపుకోలేక నవ్వేసింది. నవ్వి, సర్దుకుని, నళిని వైపు తిరిగి, "మీ అబ్బాయి క్షేమంగా ఉన్నాడు. నేను మళ్ళీ రావలసిన పని లేదు. మీకు చాలా కష్టం కలిగింది, ఐ యామ్ సారీ" అంది. నళిని తల ఊపుతూనే ఉంది, ఎంతసేపటికీ ఆపలేదు. రామమోహన్ గోడకి చేరబడ్డాడు. నాకైతే తిరుపతి కొండ దిగొచ్చినంత తేలిగ్గా అనిపించింది.

ఆఫీసరమ్మని సాగనంపి వెనక్కి తిరిగేసరికి డెలోరెస్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు ఎత్తుకుందో, ఒక చంకలో మనవడు, ఇంకో చంకలో జగ్గూ. ఇద్దర్నీ బిగించి పట్టుకుంది. లోపలికి రండి, కాఫీ పెడతాను అన్నాను. వినిపించుకోలేదు. బయట ఆఫీసరమ్మ కారు స్టార్ట్ అయింది, వెనక్కి తిరిగింది, రోడ్డెక్కింది. ఆవిడ కళ్ళు దాని మీదే ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆ కారు ఆగితే ఆవిడ పిల్లల్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. అది మలుపు తిరిగి చెట్ల వెనక మాయమయ్యాక ఇంకాసేపు అలాగే చూసింది.

అప్పుడు జగ్గూని నళిని చేతికిచ్చింది.

"ఇక కూర్చుంటానమ్మా," అంది. "కాళ్ళు వణుకుతున్నాయి."

నళిని కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. జగ్గూని ఒళ్ళో వేసుకుని తనూ నేల మీద కూర్చుని, ఆ రెండు మోకాళ్ళనీ వణుకు తగ్గేదాకా చేతులతో పట్టుకుంది.